లేని గంట

"లేని గంటను ఉన్నట్టు రాస్తే నేను టైపు చెయ్యను," అంది అక్క, కంప్యూటరు ముందు నుంచి కుర్చీ వెనక్కి తోసి.

తమ్ముడు గతుక్కుమన్నాడు. సాయంత్రం అయిదింటికల్లా వ్యాసం పత్రికకు చేరాలి. ఈ కాలపు ఫిన్లండ్ స్వరకర్త ఒకాయన రాసిన మూడో సింఫనీకి రెండు రికార్డింగులున్నాయి, పాతదొకటి, కొత్తదొకటి. ఏది మేలో అతను తేల్చాలి. అతను మేలన్నదే పాఠకులు కొంటారు. పత్రికాఫీసులో అందరూ అతన్ని 'చెవులాయన' అనే పిలుస్తారు. ఇరవై ఏళ్ళలో ఒక్క నెల కూడా అతని శీర్షిక ఆగలేదు.

"ఉందక్కా! పాత రికార్డింగులో, చిట్టచివర వయొలిన్లు మంచు రాలినట్టు సన్నగా వాయిస్తుంటే, ఎక్కడో దూరంగా చిన్న గంట మూడుసార్లు మోగుతుంది. కొత్తదాంట్లో అది మునిగిపోయింది. అందుకే పాతదే మేలన్నాను."

"రెండూ రెండేసి సార్లు విన్నాను. గంటా లేదు, గాడిదగుడ్డూ లేదు. నీ చెవులు పోయాయిరా!"

"నా చెవులా?"

"చిన్నప్పుడు నేను మెలిపెట్టిన చెవులేగా. ఇన్నాళ్ళు ఆగడమే గొప్ప. సరే, పందెం! నీ కళ్ళకు గంతలు కట్టి, రెంటిలో ఒకటి పెడతాను. ఏదో చెప్పు. తప్పావో, రేపు పొద్దున్నే చెవుల డాక్టరు దగ్గరికి నడవాలి. ఆయన సరేననేదాకా ఒక్క ముక్క రాయకూడదు."

"గెలిస్తే?"

"నీ గంట నీకుంచుతాను. నెల్లాళ్ళపాటు నిన్ను చెవిటిమేళం అనను."

"కట్టు గంతలు!"

అక్క తన మెడలోని స్కార్ఫు తీసి అతని కళ్ళకు బిగించింది. సోఫాలో నిటారుగా కూర్చున్నాడు. అటూ ఇటూ ఆమె అడుగుల చప్పుడు. డిస్కు లోపలికి వెళ్ళిన చప్పుడు.

"చివరి భాగమే పెట్టాను. ఊఁ, విను."

అతను చెవులు రిక్కించాడు.

ఏమీ వినిపించలేదు.

ఊపిరి బిగబట్టాడు. వయొలిన్లు లేవు, గంట లేదు. తన గుండె చప్పుడు తప్ప మరేమీ లేదు.

గంతల అంచు మెల్లగా ఓ అంగుళం పైకెత్తాడు. ప్లేయరు మీద అంకెలు పరుగెడుతున్నాయి. పక్కనే అక్క, కళ్ళు మూసుకుని, చూపుడువేలితో గాలిలో తాళం వేస్తోంది. పెదవుల మీద చిరునవ్వు. బల్ల మీద తెరిచి ఉన్నది పాత రికార్డింగు డబ్బా.

గంతలు మళ్ళీ కిందికి దించేశాడు.

"ఏదిరా?"

"కొత్తది."

అక్క గంతలు విప్పింది. వెక్కిరిస్తుందనుకున్నాడు. వెక్కిరించలేదు. పక్కన కూర్చుని, ఎప్పుడో మెలిపెట్టిన ఆ చెవినే బొటనవేలితో నిమిరింది.

"పాతదిరా. పోనీలే, దిగులుపడకు. ఇప్పుడు చెవిలో పెట్టుకునే మిషన్లు వేరుశనగ్గింజంత ఉంటున్నాయట. పెట్టుకున్నట్టు పైవాళ్ళకు తెలియను కూడా తెలియదు."

"నేనొక్కణ్ణే చూపించుకోను. నువ్వు కూడా చూపించుకోవాలి."

"నాకేం రోగం? నావి పాము చెవులు!"

"అందుకేగా! ఆ డాక్టరు పరీక్ష సరైనదో కాదో ముందు పాము చెవుల మీద తేలాలి. నీవి భేషుగ్గా ఉన్నాయని ఆయనంటే, అప్పుడు నావి పోయాయన్నా నమ్ముతాను."

"పిరికి సన్నాసీ! సరే, ఆ డాక్టరు కుర్చీలో ముందు నేనే కూర్చుంటాను, చాలా?"

"ఒట్టు?"

"ఒట్టు."

అతను వెంటనే సంపాదకుడికి ఫోన్ చేశాడు. "ఈ నెల నా శీర్షిక లేదండీ. చెవులు చూపించుకోవాలి." అవతల సంపాదకుడు నమ్మలేక రెండుసార్లు అడిగాడు. ఇతనూ రెండుసార్లు అదే చెప్పాడు.

డాక్టరు నంబరు వెతకడానికి అక్క పక్కగదిలోకి వెళ్ళింది. అతను లేచి ప్లేయరు ఆపాడు. బల్ల వెనక్కి వంగి, డిస్కు పెడుతున్నప్పుడు అక్క కాలు తగిలి ఊడిపోయిన స్పీకర్ల ప్లగ్గును చప్పుడు కాకుండా గోడకు గుచ్చాడు.