కల్లంలో అలలు

2004 మార్చి. దాచేపల్లి దగ్గర మా కల్లంలో కోటిరత్నం అత్త, నేను మిరపకాయలకు కాపలా పడుకున్నాం. రేపు బస్తాలకెత్తాలి. ఈ ఒక్క రాత్రి మంచుకి తడవకుండా ఉంటే చాలు. చీకటిపడేలోపు కాయలు కుప్పచేసి పట్టా కప్పాలి. ఇంజనీరింగ్ చదివే నాకు అప్పజెప్పిన పని అదొక్కటే. పేపర్ చదువుతూ అదీ మర్చిపోయాను.

"ఏముందే అంత, ఆ పేపర్లో?"

"అంగారకుడి మీద రాళ్ళలో అలల గీతలు కనిపించాయంట అత్తా. ఒకప్పుడు అక్కడ ఉప్పునీళ్ళు ఉండేవని సాక్ష్యం. మన కల్లంలో పరిచిన నాపరాళ్ళ మీదా అలాంటి గీతలే. ఇక్కడా సముద్రమే ఉండేది."

"మరి పోయేటప్పుడు ఇంక రానని చెప్పి పోయిందా?"

నవ్వుకుంటూ నిద్రపోయాం.

ఎండుకాయలు కదిలిన చప్పుడుకి మెలకువ వచ్చింది. ఆ చప్పుడు కల్లం చివరిదాకా వెళ్ళి, కాసేపు ఆగి, మళ్ళీ మా వైపు వచ్చింది. గాలి మాత్రం లేదు.

టార్చ్ వేశాను. సాయంత్రం సమంగా పరిచి ఉన్న కాయలు వరసలు వరసలుగా, అలల్లా లేచి ఉన్నాయి.

"కుప్ప చెయ్యమన్నాను కదే," అంటూ అత్త మంచం మీంచి వంగి ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపింది. లోపల గింజలు గలగలలాడాయి.

"తడవలేదు. బతికాం," అంది హాయిగా. దుప్పటి కప్పుకుని అటు తిరిగింది. "కాళ్ళు మాత్రం మంచం మీద పెట్టుకో."