కింది గిన్నె

“కింది గిన్నె లేకుండా క్యారియర్ ఎలా కట్టనండీ?” విజయదుర్గ వంటింట్లోంచి అరిచింది.

“సొట్టపోయిందని పారేశాను,” అన్నాడు సూర్యకిరణ్, కంచం ముందు కూర్చుంటూ.

“పొద్దున్న తోమినప్పుడు బాగానే ఉందే! నా గిన్నెలు పారెయ్యమని మీకెవరు చెప్పారు?”

అతను గొంతు తగ్గించాడు. “నాగరాజుకి ఇక క్యారియర్ వద్దు. వాడితో ఎవరూ మాట్లాడకూడదని పార్టీ కమిటీ తీర్మానించింది. మన కరపత్రాలతో దొరికిన అందర్నీ విమానం ఎక్కించి ఊరికి పంపేసి, ఈ దేశం పోలీసులు వాణ్ణొక్కణ్ణే వదిలేశారు. ఎందుకనుకున్నావు? పేర్లు చెప్పేశాడు.”

“కూలీల్ని షుఐబాకి తీసుకెళ్ళే బస్సుకి డ్రైవర్ లేక, వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీలే వెళ్ళి విడిపించుకున్నాడట. ఆ మాట నాగరాజుని అడిగారా, కామ్రేడ్ గారూ?”

“అడిగేదేముంది? ద్రోహి.”

విజయదుర్గ పప్పు వడ్డించి ఎదురుగా కూర్చుంది.

“ఆ కరపత్రాలు కింది గిన్నెలో, అన్నం అడుగున పెట్టింది నేను. కూలీల క్యాంపులకి మోసింది అతను. ఈ సంగతి మీ కమిటీకి కూడా తెలియదు. మనిద్దరికీ, నాగరాజుకీ తెలుసు. అతను నోరు విప్పుంటే మొదట చెప్పే పేరు నాదేగా? మన తలుపు ఎవరైనా కొట్టారా?”

సూర్యకిరణ్ చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు.

“ఇది కమిటీలో అంటే నన్నూ తీసేస్తారు, దుర్గా.”

“తీసెయ్యనివ్వండి. రేపు శుక్రవారం, అందరికీ సెలవు. నేను క్యారియర్ కట్టను. నాగరాజు ఇక్కడికే వచ్చి, మీ పక్కన కూర్చుని తింటాడు. మీ కమిటీని కూడా పిలవండి. అన్నం ఎక్కువే వండుతాను.”