ఒకే నంబరు

మధ్యాహ్నం అయ్యేసరికి కెమెరా మళ్ళీ ఆగిపోయింది.

మార్కాపురంలో ఆఫీసు మెట్ల మీద నిలబడి కృపాకర్ ఫోను తట్టి తట్టి చూశాడు. తెర నల్లగానే ఉంది.

గిద్దలూరు ఇంట్లో పిచ్చమ్మక్క మంచాన ఉంది. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. తను ఆఫీసుకు, భార్య ఫెబీ బడికి పోతే అక్కను కనిపెట్టుకోవడానికే ఆ కెమెరా. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రూటరు దానికి వైఫైలో కొత్త నంబరు ఇస్తే ఫోనుకు కెమెరా దొరకట్లేదని, కృపాకరే కూర్చుని మారని నంబరు ఒకటి పెట్టాడు. యాభై.

బావ జోసెఫ్ దర్శిలో ఇంకో ఇల్లు పెట్టాక, మిరపకోతలకు పోయి తమ్ముణ్ణి డిగ్రీ దాకా చదివించిన అక్క.

పక్కింటి నాగమణికి ఫోన్ చేశాడు.

"ఇంట్లో ఎవరున్నారు పిన్నమ్మా?"

"రాచర్ల కాన్నించి ఒకామె వస్తాది నాయనా. అక్కకు తెలిసినామెనంట. గంజి తాపుతాది, ఫోన్లో దేవుని పాటలు పెడతాది. మీ వైఫై నేనే కలిపిచ్చినా."

"ఆమె వచ్చినప్పుడే కెమెరా ఆగుతాంది."

"ఆమెకు కెమెరా అంటే ఏందో గూడా తెలవదు."

"దాచే పని లేకుంటే ఎందుకు ఆపుతాది? రేపట్నించి రానీయొద్దు."

"ఆమె పెడితేనే అక్క మింగుతాది అబ్బయా."

"నువ్వు పెట్టు పిన్నమ్మా. అలవాటైతాది."

మరునాటి నుంచి కెమెరా ఒక్కసారి కూడా ఆగలేదు.

తన అనుమానమే నిజమనుకున్నాడు కృపాకర్.

తెరలో అక్క స్పష్టంగా కనబడేది. ముఖం ఎప్పుడూ గుమ్మం వైపే. నాగమణి చెంచా పెడితే పెదాలు బిగించేది. ఫెబీ బతిమాలినా అంతే.

డాక్టరు ముక్కులో గొట్టం వేయించాడు. అక్క కళ్ళు మాత్రం గుమ్మాన్ని వదల్లేదు.

తొలివాన పడిన రోజున పోయింది.

సమాధి చేసి వచ్చి, అలవాటు కొద్దీ కృపాకర్ ఫోన్లో కెమెరా తెరిచాడు. ఖాళీ మంచం కనబడింది.

చూస్తుండగానే తెర నల్లబడింది.

తలెత్తాడు. గుమ్మంలో ఒకామె నిలబడి ఉంది. రెండు చేతులతో చిన్న గంజి క్యారియరు పట్టుకుని ఉంది. కెమెరా ఎక్కడో గది అవతల గోడ మీద.

"మీరు పొమ్మంటే పోతా నాయనా. ఒకసారి మీ అక్కను చూపిచ్చండి."

అక్క పోయిన కబురు ఆమెకు అందలేదని అతనికి అప్పుడర్థమైంది.

ఫోన్లో రూటరు పేజీ తెరిచాడు. ఇప్పుడే కలిసిన ఫోను ఒకటుంది. రూటరు దానికిచ్చిన నంబరు, యాభై.

ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వొద్దని రూటరుకు చెప్పడం తనే మరిచాడు. ఆమె ఫోను ఇంట్లోకి రాగానే అదే నంబరు తీసుకునేది, కెమెరా ఆగిపోయేది, అంతే.

ఆమె ఖాళీ మంచం వైపు చూసింది. క్యారియరు నేల మీద పెట్టి, అక్కడే కూలబడింది.

"ఎవరమ్మా నువ్వు?" అడిగాడు.

"ఆయన నన్ను గూడా వదిలేసి పోయినాక, పసిబిడ్డతో బస్టాండులో పడుంటే, ఇంత అన్నం పెట్టింది మీ అక్క ఒక్కతే నాయనా."

"ఆయనంటే?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ బావ. దర్శిలో పెట్టిన ఇంకో ఇల్లు నాదే."