పది నిమిషాలు పండుకుంటే

ఓర్వకల్లు దగ్గర ఛార్జరు మూడోసారి కూడా ఎర్రలైటు వేసి ఆగిపోయింది. జీవిత ఛార్జింగ్ గన్నును కారుకు తగిలించే వదిలి, లోపల కూర్చుని తలుపులు లాక్ చేసుకుంది. అది అక్క కరెంటు కారు, తనకు అలవాటు లేదు. మూడు శాతం ఛార్జింగే మిగిలింది, కర్నూలు ఇంకా పాతిక కిలోమీటర్లు. ఒంటిగంటలోపు సర్టిఫికెట్లు చూపించకపోతే టీచరు ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

పక్కనే టీ అంగడి నడిపే వీరభద్ర వచ్చి అద్దం తట్టాడు.

"దిగి, తాళమేసి, నా అంగట్లోకి రామ్మా. పది నిమిషాలు పండుకుంటే సరిపోతాది."

ఆమె అద్దం పూర్తిగా ఎత్తేసింది.

"శానా మందికి ఇట్లే చెప్పినా. మొదట ఎవరూ ఒప్పుకోరు," అన్నాడు నవ్వుతూ.

జీవిత ఫోను చెవికి ఆనించుకుంది. "మా నాన్న ఎస్సై," అని గట్టిగా అంది. వాళ్ల నాన్న చర్చిలో హార్మోనియం వాయిస్తాడు.

వీరభద్ర నవ్వు ఆగిపోయింది. తువ్వాలు నెత్తిన వేసుకుని, రోడ్డు దాటి, ఎండలో బండల దాకా పోయి అటు తిరిగి నిలబడ్డాడు.

"పండుకోవాల్సింది నువ్వు కాదు తల్లీ, బండి!" అని అక్కణ్ణుంచే అరిచాడు. "నువ్వు లోపల కూచోనుంటే అది మేలుకునే ఉంటాది, మిషనుతో కలవదు. నేనీడే ఉంటా. నువ్వు పోయి అంగట్లో కూచో."

ఆమె తాళం వేసి, ఖాళీ అంగట్లో కూర్చుంది. కాసేపటికి కారు దీపాలు ఆరిపోయాయి. ఛార్జరు గుయ్యిమంటూ పచ్చలైటు వేసింది.

అతను ఇంకా అటే తిరిగి ఉన్నాడు. పాలు పైకొస్తుంటే జీవిత లేచి పొయ్యి మంట తగ్గించింది.

"అన్నా," అని గుమ్మంలోంచి కేకేసింది, "పాలు పొంగుతాండాయి. రా."