అధ్యక్షుడి రెండు జీవితాలు

"ముందు నాది కుట్టవయ్యా. ఆయన దేవుడు!" అంటూ మామగారు బైండరు బల్ల మీద పుస్తకం పెట్టారు.

"దేవుడా? దేశాన్ని నిలువునా ముంచాడు. అంతా ఇందులో ఉంది!" అంటూ అల్లుడు తన పుస్తకం దాని మీద పడేశాడు.

రెండూ మొన్న దిగిపోయిన అమెరికా అధ్యక్షుడి జీవితచరిత్రలే. ఒకటి పొగడ్త, ఇంకోటి తెగడ్త. రెండింటికీ అట్టలు ఊడిపోయాయి.

ముసలి బైండరు పేజీలు తిప్పాడు. రెండింట్లోనూ మొదటి అధ్యాయం దాటాక పేజీలు విడిపోలేదు.

"రెండూ ఒకే ప్రెస్సువండీ. వాళ్ల కటింగ్ మిషన్ కత్తి మొద్దుబారినట్టుంది. లోపల కాగితాల మడతలు తెగనే లేదు."

మామా అల్లుళ్లు గోడ మీది క్యాలెండరు చూడసాగారు.

"మరి చదవకుండానే అట్టలెలా ఊడాయి?"

"మామయ్యగారే ముందు విసిరారు," అన్నాడు అల్లుడు.

"నువ్వేమన్నా ఊరుకున్నావా?" అన్నారు మామగారు.

బైండరు నవ్వాపుకుని సన్నకత్తి అందుకున్నాడు. "పోనీలెండి, మడతలు కోసిస్తాను. ఈసారైనా చదువుకోవచ్చు."

మామా అల్లుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏడాదిగా ఏ విషయంలోనూ కలవని గొంతులు మొదటిసారి కలిశాయి.

"కొయ్యడం ఎందుకు? అట్ట మాత్రం మందంగా ఉండాలి!"