కింద కొట్టు, పైన కాపురం

“కింద కొట్లు, మధ్యలో ఆఫీసులు, పైన కాపురాలు! ఊరి నడిబొడ్డుకి మళ్ళీ ప్రాణం పోశామయ్యా!” అన్నాడు రిటైరైన ప్లానింగు ఆఫీసరు, తన కొత్త ఫ్లాటు తలుపు తీస్తూ. పరదాల కొలతలకి టైలరుని పిలిపించుకున్నాడు.

ఇదే చోట ఉండిన పాత మేడ మీద పద్నాలుగేళ్ళు కాపురముండి, కింద కొట్టులో మిషను తొక్కినవాడు టైలరు. కొట్టు మీద కాపురం నేరమని నోటీసిచ్చి, సామాను వీధిలో పెట్టించింది ఈ మహానుభావుడే. ఇప్పుడాయనకి టైలరు మొహం కూడా గుర్తులేదు.

“ముందిది చూడు,” అని ఆఫీసరు అతన్ని ఓ గోడ దగ్గరికి లాక్కెళ్ళాడు. కూల్చకుండా ఉంచిన పాత గోడ ముక్కకి అద్దం బిగించారు. లోపల ఒకదానిపైన ఒకటి పెన్సిలు గీతలు, పక్కన తేదీ, వయసు. “ఎవరో పాతకాలం వాళ్ళు పిల్ల ఎత్తు కొలుచుకున్నారట. వారసత్వ సంపద! దీనికోసమే పట్టుబట్టి ఈ ఫ్లాటు కొన్నాను.”

పాతకాలం వాళ్ళట! టైలరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ప్రతి పుట్టినరోజుకీ కూతుర్ని నిలబెట్టి, మెళ్ళోని టేపుతో కొలిచి తను గీసిన గీతలవి.

“తొమ్మిదేళ్ళకే ఆగిపోయింది. ఏమైపోయిందో పాపం, పసిది,” అని ఆఫీసరు నిట్టూర్చాడు.

“నా కూతురికేం సార్, నిక్షేపంగా పెరిగింది. ఆ ఆఖరి గీత గీసిన వారానికే మీ నోటీసొచ్చింది.”

ఆఫీసరు గోడకి వీపు తిప్పి, కొలతలు కానిమ్మన్నట్టు కిటికీ వైపు చెయ్యి చూపించాడు.

టైలరు అటు కదల్లేదు. టేపు తీసి, అద్దం ఈ చివర నుంచి ఆ చివరకి పరిచాడు.

“ఎండదేముంది, ఓర్చుకోవచ్చు. మీకు పరదా కావాల్సింది ఇక్కడ సార్.”