గీత పడిన బోరు

“జరుగమ్మా, కాంక్రీటు గట్టిపడి పోతాది,” అన్నాడు దేవరాజ్.

సహన జరగలేదు. పాతపాళ్య స్కూలు ఆవరణలో ముప్పై ఏళ్ళుగా ఎవరూ వాడని బోరు అది. దాన్ని పూడ్చేయడానికి పంచాయతీ మెంబరు దేవరాజ్ మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ స్కూల్లోనే సైన్స్ చెప్పే సహన బోరుకు అడ్డంగా బెంచీ వేసుకుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది.

“పది నిమిషాలప్పా. పాత నీళ్ళ సర్వే ఫైలు దొరికింది. దీని గురించి ఏమన్నా ఉండాదేమో చూస్తా.”

దేవరాజ్ వంగి తెర వైపు చూశాడు. “యాడ ఉండాది? అక్షరానికొక గీత, గీతకొక పిచ్చి గుర్తు. చెడిపోయినట్టుండాది ఫైలు.”

“చెడిపోలేదు. పాత ప్రింటర్లు ముందు గీత కొట్టి, ఒకడుగు వెనక్కొచ్చి, దాని మీదే అక్షరం కొడతా ఉండె. అట్ల అక్షరం కింద గీత పడేది. ఇప్పటి ప్రోగ్రాములకు ఆ సంగతి తెలీదు.”

సహన నల్లటి టెర్మినల్ తెరిచి, ‘యు ఎల్’ అని, ఆ పాత గీతల్ని చదవగల రెండక్షరాల కమాండ్, దాని పక్కన ఫైలు పేరు కొట్టింది. పిచ్చి గుర్తులు మాయమయ్యాయి. ముప్పై ఎనిమిది బోర్ల పేర్లు వరసగా దిగాయి. నాలుగింటి కింద మాత్రమే గీత ఉంది. వాటిలో మూడోది పాతపాళ్య స్కూలు బోరు!

“గీత ఉంటే?” అన్నాడు దేవరాజ్. “మంచిదని రాసుండాదా?”

“రాయలేదు. రీడింగుల పేజీ లేదు. కానీ మన పక్క నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుండాదో తెలుసు కదప్పా. ముప్పై ఎనిమిదిలో నాలుగే అంటే, మంచివి ఆ నాలుగే అయ్యుండాల.”

“నీ లెక్కను నమ్మి పిల్లోళ్ళకు ఈ నీళ్ళు తాపమంటావా?”

“వద్దు. ముందు పరీక్షకు పంపిద్దాం.”

స్కూల్లో బిసియూట, అంటే మధ్యాహ్న భోజనం, వండే లక్ష్మీనరసమ్మ వంటగది గుమ్మంలోంచే అరిచింది. “పిల్లోళ్ళ పండ్లు చూసినావా దేవరాజప్పా? ఒక్కటన్నా తెల్లగా ఉండాదా? నాలుగు దినాలు ఆగితే ఏం పోతాది?”

 దేవరాజ్ మనుషుల వైపు తిరిగాడు. “ఆ కాంక్రీటు గేటు కాడి గుంతలో పోసేయండి.”

బోరుకు మోటారు దించి నీళ్ళు తోడించారు. మొదటి పరీక్షలో ఫ్లోరైడ్ హద్దులోపే ఉందని వచ్చింది. సహనకు నమ్మకం చాలక ఇంకో లాబుకు పంపింది. అక్కడా అదే మాట. సోమవారం పిల్లలు కొళాయి దగ్గర వరస కట్టారు.

ఆ వారమే, సర్వే చేసిన రిటైర్డు భూగర్భ శాస్త్రవేత్త చంద్రశేఖర ఫోన్ నంబరు చింతామణి టౌన్లో ఒకరి దగ్గర దొరికింది.

“సార్, మీ ఫైల్లో గీత గీసిన బోరు నీళ్ళు మా పిల్లోళ్ళు తాగుతాండారు. మీకు నమస్కారం చెప్పాలనే చేసినా.”

ఆయన నమస్కారం అందుకోకుండానే అడిగాడు.

“టెస్ట్ చేయించినారా?”

“రెండు చోట్ల. బాగుండాదన్నారు.”

“మీ ఊళ్ళో ఈ మధ్య నీళ్ళకేమన్నా పని చేసినారా?”

“చెరువు పూడిక తీసినారు. గుట్ట కింద మూడు చెక్‌డ్యాములు కట్టినారు. వాన నీళ్ళు ఇప్పుడు భూమిలోకే ఇంకుతాండాయి. పదేండ్లయింది. ఏంటికి సార్?”



“ఏంటికంటే తల్లీ, నేను గీత గీసింది తాగకూడని బోర్లకు!”